ఒగ్గు డోలు విన్న చెవికి కొత్త జాజ్

జాజ్ అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ రేవుపట్టణంలో పుట్టింది. బానిసత్వం నుంచి విముక్తి పొందిన ఆఫ్రికన్ సంతతి ప్రజల పాటలు, ఊరేగింపు బ్యాండ్లు, చర్చి కీర్తనలు, డ్రమ్ముల దరువులు కలగలిసి, పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఈ సంగీతం రూపుకట్టింది. మనోధర్మమే దీనికి ప్రాణం. అంటే ముందుగా రాసిపెట్టుకొన్న స్వరాలను అప్పగించడంతో ఆగిపోకుండా, తీసుకొన్న బాణీ హద్దుల్లోనే ఉంటూ వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పించుకొంటూ పోవాలి. గత రెండు దశాబ్దాల్లో పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న సంస్థలు వెలువరించిన జాజ్ ఆల్బముల్లో విజయనగరం వయొలిన్, హైదరాబాద్ తబలా, త్యాగరాజ కృతి, పాలకొల్లు మాండొలిన్ స్మృతి చోటు చేసుకొన్నాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పాఠకుల్లో చాలామందికి జాజ్ నగరాల్లోని పెద్ద హోటళ్లకు పరిమితమైన పరాయి సంగీతంగా తోచవచ్చు గాని, తెల్లవార్లూ ఒగ్గు కథ విన్న చెవికి అది అంతు చిక్కని సంగీతం కాదు.

ఒగ్గు కథ నడిచే తీరును కొంచెం దగ్గరగా గమనిస్తే ఈ మాటకు ఆధారం దొరుకుతుంది. ఒగ్గు అనే చిన్న డమరుకం, మెడకు వేలాడే డోలు, తాళాలు, కంజిరను పోలిన నపీర ఈ కథకు వాద్యాలు. మల్లన్న కథైనా, బీరప్ప కథైనా, ఎల్లమ్మ కథైనా ప్రధాన కథకుడికి కథాక్రమం తెలుసు, పాటల వరుసలు తెలుసు. అయితే ఏ ఘట్టాన్ని ఎంతసేపు సాగదీయాలో, ఎక్కడ పాట ఆపి మాటలోకి దిగాలో, ఆ ఊరి సంగతిని కథలోకి ఎలా లాక్కురావాలో ఎదుట కూర్చున్న జనాన్ని బట్టి ఆ రాత్రే తేలుతుంది. వంతపాడేవారు అతని చరణం చివరను అందుకొని తిరిగి పాడుతూ, మధ్యమధ్య ఊఁ కొడుతూ కథను నిలబెడతారు. డోలు ఆట మొదలైనప్పుడు మిగిలిన డోళ్లు ఒక మూల దరువును వదలకుండా పట్టుకొని ఉండగా, ఒక కళాకారుడు ముందుకు వచ్చి ఒకవైపు కర్రతో, మరోవైపు అరచేత్తో ఆ దరువును విరిచి, రెట్టించి, తిరిగి బృందంలో కలుస్తాడు. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలం మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కళను ఊళ్లలో దేవుడి ముందు ముగ్గులతో వేసే పట్నాల నుంచి జాతీయ వేదికల దాకా తీసుకుపోయి, కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకొని, 2017లో కన్నుమూశారు.

జాజ్ కచేరీ కూడా దాదాపు ఇదే క్రమంలో నడుస్తుంది. బృందమంతా కలిసి మొదట ఒక బాణీని వాయిస్తుంది. ఆ బాణీ తరచుగా పన్నెండు లేదా ముప్పైరెండు తాళఖండాల చుట్టుగా ఉండి, మన తాళంలో ఆవర్తం వచ్చినట్టే మళ్లీమళ్లీ తిరిగి వస్తుంది. ఆ తరువాత సాక్సోఫోన్ గాని, పియానో గాని, గిటార్ గాని వంతులవారీగా ముందుకు వచ్చి, అదే చుట్టు మీద తన కల్పనను వినిపిస్తుంది. ఈ వంతును సోలో అంటారు. అంతసేపూ డబుల్ బేస్ అనే నిలువెత్తు తంత్రీవాద్యం, డ్రమ్స్ కలిసి మూల దరువును కాపాడతాయి. ఒక మాత్రను రెండు సమభాగాలుగా పంచకుండా మొదటిదాన్ని కాస్త సాగదీసి, రెండోదాన్ని కుదించే ఊగు నడకకు స్వింగ్ అని పేరు. చివరకు అందరూ మళ్లీ మొదటి బాణీకి చేరతారు. తెలిసినవారికి ఇది కర్ణాటక కచేరీలోని నెరవు, కల్పనస్వరం, తని ఆవర్తనం కూడా గుర్తుకు తెస్తుంది గాని, కలిసి వాయించేవారి మధ్య బిగ్గరగా, బాహాటంగా సాగే ప్రశ్నోత్తరాల విషయంలో జాజ్‌కు ఒగ్గు డోలే దగ్గరి చుట్టమనాలి.

చిన్న సంస్థలు వెలువరించిన జాజ్ ఆల్బమును స్వతంత్రమైనదని అనడానికి దాని వ్యాపార చరిత్రలో కారణం ఉంది. మొట్టమొదటి జాజ్ రికార్డుగా చెప్పే 1917 నాటి రికార్డును విక్టర్ కంపెనీ విడుదల చేసింది. దాన్ని వాయించిన ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్‌లో అందరూ తెల్లవారే. సంగీతాన్ని సృష్టించిన సమాజం ఒకటి, దాన్ని అచ్చువేసి అమ్ముకొన్న చేతులు వేరు అన్న అన్యాయం అక్కడే మొదలైంది. రికార్డు చేసిన మూలప్రతిని మాస్టర్ అంటారు. ఆ మాస్టర్ మీద హక్కు ఎవరిదైతే, ఆ పాట ఎన్నేళ్లు అమ్ముడుపోయినా రాబడిలో పెద్ద భాగం వారిదే. అందుకే బేస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్, డ్రమ్స్ వాద్యకారుడు మ్యాక్స్ రోచ్ 1952లో డెబ్యూ అనే సొంత సంస్థను పెట్టుకొని, మరుసటి ఏడాది టొరంటోలోని మాసీ హాల్‌లో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ తదితరులతో కలిసి తాము చేసిన కచేరీని తామే విడుదల చేశారు. 1971లో చార్లెస్ టాలివర్, స్టాన్లీ కవెల్ స్థాపించిన స్ట్రాటా ఈస్ట్ సంస్థ మరో అడుగు ముందుకు వేసి, మాస్టర్ హక్కును కళాకారుడి దగ్గరే ఉంచింది. ఇప్పటి చిన్న సంస్థల్లో చాలావరకు ఆ బాటలోనే పుట్టాయనుకోవచ్చు.

తెలుగువారు ముందుగా వినవలసిన ఆల్బము కొత్తది కాదు గాని, దాని తరువాత వచ్చినవాటిని అర్థం చేసుకోవడానికి అదే ద్వారం. న్యూయార్క్‌లోని పై రికార్డింగ్స్ అనే చిన్న సంస్థ 2008లో విడుదల చేసిన ఆ ఆల్బము పేరు కిన్స్‌మెన్. దాని కర్త రుద్రేశ్ మహంతప్ప ఇటలీలో పుట్టి, అమెరికాలోని కొలరాడోలో పెరిగిన కన్నడ మూలాల సాక్సోఫోన్ వాద్యకారుడు. సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించిన కద్రి గోపాలనాథ్‌ను తనతో కూర్చోబెట్టుకొని, ఇద్దరూ ఆల్టో సాక్సోఫోన్లే వాయిస్తూ ఈ ఆల్బమును నడిపించారు. బృందంలో గిటార్ వాయించిన రెజ్ అబ్బాసీ, మృదంగం వాయించిన పూవలూరు శ్రీజి, బేస్, డ్రమ్స్ వాద్యకారులతో పాటు వయొలిన్ మీద ఎ. కన్యాకుమారి ఉన్నారు. విజయనగరంలో పుట్టి, అక్కడే ఇవటూరి విజయేశ్వరరావు వద్ద తొలి పాఠాలు నేర్చి, 2015లో పద్మశ్రీ, 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకొన్న విదుషీమణి ఆమె. ద్వారం వెంకటస్వామినాయుడు పేరుతో వెలిగిన వయొలిన్ ఊరు అమెరికా జాజ్‌లో వినిపించిన సందర్భమిది.

ఈ ఆల్బములో చెవి పెట్టి గమనించవలసింది రెండు సాక్సోఫోన్ల తేడా. సాక్సోఫోన్ మీటలు పాశ్చాత్య స్వరస్థానాలకు బిగించి ఉంటాయి కాబట్టి ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం, అంటే గమకం, దాని నైజానికి విరుద్ధం. గోపాలనాథ్ పెదవుల బిగువుతో, ఊపిరి ఒత్తిడితో, మీటలను సగం మూసే మెలకువతో ఆ గమకాన్ని సాధించారు. ఆయన వాయిస్తున్నప్పుడు స్వరాల మధ్య సందు కనిపించదు. మహంతప్ప వాయిస్తున్నప్పుడు ప్రతి స్వరమూ విడివిడిగా, పదునుగా, వేగంగా తగులుతుంది. జాజ్‌లో మూడు నాలుగు స్వరాలను ఒకేసారి మోగించే స్వరసమూహాలు, అంటే కార్డ్స్, అడుగడుగునా మారుతూ ఉంటాయి. కర్ణాటక సంగీతంలో ఆధార షడ్జం మొదటి నుంచి చివరి వరకు కదలదు. ఈ రెండు పద్ధతులను ఒకే గదిలో కూర్చోబెట్టడం ఎంత కష్టమో తెలిసిన సంగీతకారుడు కాబట్టే, మహంతప్ప పెద్ద రచనల మధ్య ఒక్కొక్కరికి చిన్న ఆలాపనకు తావిచ్చి, వారి వారి మాట వారిని చెప్పనిచ్చారు. ఫ్యూజన్ పేరుతో వచ్చే చాలా రికార్డుల్లో మన వాద్యం అలంకారానికే మిగిలిపోతుంది. కిన్స్‌మెన్‌లో అది సమానంగా వాదిస్తుంది. అందుకే ఇన్నేళ్ల తరువాత కూడా ఈ కోవలో దీనికి సాటి వచ్చేవి తక్కువే.

హైదరాబాద్ వంతు 2011లో వచ్చింది. జర్మనీలోని స్వతంత్ర సంస్థ ఆక్ట్ విడుదల చేసిన తీర్థ ఆల్బములో పియానో విజయ్ అయ్యర్‌ది, గిటార్ ప్రసన్నది, తబలా నితిన్ మిట్టాది. నితిన్ హైదరాబాద్‌లో పండిట్ జి. సత్యనారాయణ వద్ద తబలా నేర్చుకొని, తరువాత అమెరికాలో స్థిరపడ్డారు. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి 60 ఏళ్లు నిండిన 2007లో ఒక కచేరీ కోసం ముగ్గురూ జట్టుకట్టారు. ఈ బృందంలో బేస్ లేదు, డ్రమ్స్ లేవు; జాజ్‌లో ఆ రెండూ మోసే బరువునంతా తబలా జత మోసింది. ఎడమ చేతి బాయాను మణికట్టుతో ఒత్తి మంద్రస్వరాన్ని వంచినప్పుడు బేస్ చేసే పని, కుడి చేతి తబలా అంచు పలికినప్పుడు డ్రమ్స్ తాళపు పళ్లెం చేసే పని ఒకే మనిషి చేతుల్లో వినిపిస్తాయి. ఫోన్‌కు ఉండే చిన్న స్పీకరులో బాయా సగం మాయమవుతుంది కాబట్టి దీన్ని ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వినడమే మేలు. విజయ్ అయ్యర్ తరువాతి కృషిని తెలుసుకోవాలనుకొన్నవారు, బేస్ వాద్యకారిణి లిండా మే హాన్ ఓ, డ్రమ్స్ వాద్యకారుడు టైషాన్ సోరీలతో కలిసి ఆయన 2024లో ఇసిఎమ్ సంస్థ ద్వారా వెలువరించిన కంపాషన్ వినవచ్చు. అందులో భారతీయ వాద్యం లేదు గాని లయ మీద అదే పట్టు ఉంది.

ఇటీవలి ఆల్బముల్లో తెలుగు చెవికి ఎక్కువ దగ్గరయ్యేది శక్తి బృందం 2023లో విడుదల చేసిన దిస్ మూమెంట్. ఇంగ్లండుకు చెందిన జాజ్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్, వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్ కలిసి 1970లలో నిలబెట్టిన శక్తి అప్పట్లో పెద్ద కంపెనీ ద్వారా వెలువడింది. 1977 తరువాత స్టూడియోలో కొత్త ఆల్బము చేయకుండా నాలుగు దశాబ్దాలు దాటిపోయాక, శంకర్ మహదేవన్ గానం, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్, సెల్వగణేశ్ లయవాద్యాలతో కలిసి ఈ ఆల్బము తయారైనప్పుడు దాన్ని విడుదల చేసింది అబ్‌స్ట్రాక్ట్ లాజిక్స్ అనే చిన్న స్వతంత్ర సంస్థ. 2024 ఫిబ్రవరిలో దానికి ఉత్తమ అంతర్జాతీయ సంగీత ఆల్బముగా గ్రామీ పురస్కారం వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ కన్నుమూయడంతో ఆ బృందపు చివరి స్టూడియో కృషిగా అది నిలిచిపోయింది. స్వర్ణోత్సవ యాత్ర కచేరీల నుంచి కూర్చిన మైండ్ ఎక్స్‌ప్లోజన్ 2025లో వచ్చింది.

దిస్ మూమెంట్‌లో మొదటి రచన శ్రీనీస్ డ్రీమ్ మాండొలిన్ శ్రీనివాస్ స్మృతికి సంబంధించినది. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన శ్రీనివాస్, పాశ్చాత్య వాద్యమైన మాండొలిన్‌ను విద్యుత్ రూపంలో కర్ణాటక సంగీతానికి లొంగదీసి, 1983లో, ఇంకా బాలుడిగా ఉండగానే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ చేశారు. 1990ల చివర నుంచి రిమెంబర్ శక్తి పేరుతో తిరిగి కలిసిన బృందంలో ఆయన ముఖ్యుడు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏళ్ల వయసులో మరణించారు. అదే ఆల్బములో గిరిరాజ్ సుధ పేరుతో ఉన్న రచన, బంగాళ రాగంలోని త్యాగరాజ కృతి గిరిరాజసుతా తనయకు మరో రూపం. కృతిని ముందే ఎరిగినవారికి ఇక్కడ గొప్ప సౌకర్యం ఒకటి ఉంది: బాణీ తెలుసు కాబట్టి ఎక్కడ కృతి ఆగి కల్పన మొదలైందో, ఎక్కడ మళ్లీ పల్లవిని అందుకొన్నారో చెవి వెంటనే పసిగడుతుంది. అమెరికా శ్రోతలు తమకు చిన్ననాటి నుంచి తెలిసిన సినిమా పాటల బాణీల మీద జాజ్ సోలోలు విని ఆ సంగీతాన్ని ఒంటబట్టించుకొన్నదీ ఈ పద్ధతిలోనే. త్యాగరాజ కృతులు ఎరిగినవారు జాజ్ వినడం నేర్చుకోవడానికి ఇక్కడి నుంచి మొదలుపెట్టడమూ తేలికే.

మృదంగం మీద ఆసక్తి ఉన్నవారికి రాజ్నా స్వామినాథన్ ఆల్బములు వేరొక దారిని చూపుతాయి. ఉమయాళ్‌పురం శివరామన్ శిష్యురాలైన ఆమె, మృదంగాన్ని పక్కవాద్యపు చాప మీద నుంచి లేపి, ట్రంపెట్, సాక్సోఫోన్, గిటార్, డబుల్ బేస్ ఉన్న బృందానికి నాయకస్థానంలో కూర్చోబెట్టారు. 2019లో వచ్చిన తొలి ఆల్బమును వెలువరించిన బయోఫీలియా సంస్థ ప్లాస్టిక్ సీడీలను తయారుచేయదు. మడతల కాగితపు పొత్తంలో డౌన్‌లోడు సంకేతాన్ని పెట్టి అమ్ముతుంది. 2023లో రోపడోప్ సంస్థ విడుదల చేసిన అపర్చర్స్ ఆమె తదుపరి ఆల్బము. ఇందులో దరువు స్పష్టంగా ముందుకు రాదు, వాద్యాలు ఒకదాని మీద ఒకటి నెమ్మదిగా పేరుకొంటాయి. ఓపిక కోరే సంగీతం కాబట్టి మొదటిసారి వినేవారు దీన్ని చివర ఉంచుకోవడం మంచిది.

ఇక పుట్టపర్తికి, జాజ్‌కు ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కొల్ట్రేన్ భార్య, పియానో, హార్ప్ వాద్యకారిణి అయిన ఆలిస్ కొల్ట్రేన్ 1967లో భర్త మరణించిన తరువాత భారతీయ ఆధ్యాత్మిక మార్గంలోకి వచ్చి, పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై, తరువాత సాయి అనంతంగా పేరుపొందిన ఆశ్రమాన్ని 1983లో కాలిఫోర్నియాలో స్థాపించారు. కంపెనీలతో పని లేకుండా 1982 నుంచి ఆమె తానే విడుదల చేసిన క్యాసెట్లలో భజనలు, ఆఫ్రికన్ అమెరికన్ చర్చి గానపు ఊపు, సింథసైజర్ నాదం కలిసి ప్రవహిస్తాయి. ఆశ్రమ భక్తులకే పరిమితమైన ఆ క్యాసెట్ల నుంచి ఏరి కూర్చిన సంకలనాన్ని లువాకా బాప్ సంస్థ 2017లో విడుదల చేశాక ప్రపంచం వాటిని విన్నది. మరుసటి ఏడాది కార్చిచ్చులో ఆశ్రమం కాలిపోయింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు నేరుగా పనికివచ్చే పాఠం మాత్రం సారథి కొర్వార్ 2016లో చేసిన డే టు డే అనే ఆల్బములో ఉంది. అమెరికాలో పుట్టి, అహ్మదాబాద్, చెన్నైలలో పెరిగి, లండన్‌లో స్థిరపడిన ఈ తబలా, డ్రమ్స్ వాద్యకారుడు గుజరాత్‌లోని రతన్‌పూర్‌కు వెళ్లి, తూర్పు ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీ కళాకారుల పాటలను, డోలు దరువులను వారి ఊళ్లోనే రికార్డు చేసుకొని, ఆ తరువాత లండన్ జాజ్ వాద్యకారులతో కలిసి వాటి చుట్టూ తన సంగీతాన్ని అల్లారు. ఊరి గొంతులను కోసి ముక్కలు చేయకుండా, అవి పూర్తిగా వినబడేలా వదిలి, జాజ్ వాద్యాలే వాటికి వంతపాడేలా అమర్చడం ఈ ఆల్బములోని మర్యాద. కొర్వార్ తదుపరి ఆల్బములు మోర్ అరైవింగ్, కలక్ 2019, 2022లలో లీఫ్ అనే స్వతంత్ర సంస్థ నుంచి వచ్చాయి. సిద్దీల సంగీతం తెలంగాణకు కొత్త కాదు; హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేటకు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం నుంచే ఆ పేరు వచ్చింది, పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా దరువులో వారి వారసత్వం ఉంది.

ఇటువంటి పనికి ఈ మూడు జిల్లాల్లో సామగ్రి అపారం. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానంలో చేసిన సేవకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. మహబూబాబాద్ తండాల్లో తీజ్ నాడు లంబాడా ఆడపడుచులు వలయంగా నిలబడి ఎత్తుకొనే పాటలకు, భూపాలపల్లి అడవి పల్లెల్లో కోయల డోళ్లకు, ఊరూరా చలిమంట దగ్గర కాచి శ్రుతి చేసిన డప్పు మీద సిర్ర, చిటికెన పుల్లలు పలికించే దరువులకు తమ తమ మనోధర్మ మర్యాదలు ఉన్నాయి. పూర్వం భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019 నుంచి ములుగు జిల్లాలో భాగమైన పాలంపేటలో, 1213 నాటి రామప్ప గుడి గోడల మీద మద్దెలలు వాయించే శిల్పాలు ఎనిమిది వందల ఏళ్లుగా నిలిచి ఉన్నాయి. ఆ శిల్పాల్లోని వాద్యకారుల వేళ్ల వంపు తెలుస్తుంది గాని, వాయించిన దరువు ఏదో తెలియదు. నేటి డోలు కళాకారుల విషయంలో అలా జరగనివ్వడానికి ఇప్పుడు ఏ సాకూ లేదు.

బ్యాండ్‌క్యాంప్ వంటి అంగళ్లలో డిజిటల్ ఆల్బము అమ్ముడైతే అంగడి వాటా సాధారణంగా నూటికి 15. మిగిలిన దానిలో చెల్లింపు ఖర్చులు పోను వచ్చేది కళాకారుడికి లేదా సంస్థకు చేరుతుంది. నాలుగు వందల మంది ఉన్న తండా కూడా తన పాటలను ప్రపంచానికి వినిపించగల కాలమిది. అందుచేత ఈ జిల్లాల్లోని చదువుకొన్న యువత, పాఠశాలల సంగీతాభిమానులు ఒగ్గు బృందం ఊరికి వచ్చినప్పుడు అర నిమిషం వీడియోతో సరిపెట్టకుండా, మైకును డోలుకు మరీ దగ్గరగా కాక నాలుగైదు అడుగుల దూరంలో నిలిపి, కథను మొదటి పట్నం నుంచి చివరి మంగళహారతి దాకా రికార్డు చేయాలి. ప్రధాన కథకుడి పేరుతో పాటు వంతపాడినవారి పేర్లు, డోలు వాయించిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, తేదీ రాసిపెట్టాలి. రికార్డు చేసేముందు వారి అనుమతి తీసుకోవాలి, ఆ రికార్డు మీద ఎప్పుడు ఎంత రాబడి వచ్చినా అందులో వాటా వారికి అందాలి.